శ్రీరాంపూర్‌లో పార్కుకు అనుమతి: గని కాలనీ నుంచి నగరపాలక సంస్థ దాకా

మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద నస్పూర్, సీసీసీ కార్నర్ దాటాక శ్రీరాంపూర్ వస్తుంది. గోదావరికి ఉత్తరాన ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి గుర్తింపు అంతా బొగ్గుదే. ఆర్‌కే-5, ఆర్‌కే-6, ఆర్‌కే-7, ఎస్‌ఆర్‌పీ-1, ఎస్‌ఆర్‌పీ-3, ఐకే-1ఏ అనే గనుల పేర్లే బస్టాపుల పేర్లు, కాలనీల పేర్లు అయ్యాయి. ఇలాంటి చోట ఒక వాడకు కొత్తగా పార్కు కావాలంటే ఎవరిని అడగాలి, ఎవరు సరే అంటే పని మొదలవుతుంది అన్న ప్రశ్నకు గడచిన యాభై అరవై ఏళ్లలో జవాబు కనీసం మూడు సార్లు మారింది. మొదట కంపెనీ, తర్వాత గ్రామ పంచాయతీ, ఆ తర్వాత మునిసిపాలిటీ, చివరికి నగరపాలక సంస్థ. పార్కు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దాని అనుమతి వెంట నడిస్తే ఈ ప్రాంతంలో నేల ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తెలిసిపోతుంది.

సింగరేణి ప్రాంతంలో బొగ్గు ఉందని భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరికి ఉత్తరాన బెల్లంపల్లిలో 1927లో తవ్వకం మొదలైంది. కాజీపేట, బల్లార్ష మధ్య రైలుమార్గం పడ్డాక ఆ వైపు బొగ్గుకు దారి దొరికింది. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ మీదుగా దక్షిణానికి పాకిన బొగ్గు పని ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో శ్రీరాంపూర్‌ను చేరింది.

నిజాం కాలంలో పట్టణ ప్రణాళిక అన్నది రాజధానికే పరిమితమైన సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్ల వెడల్పు, ఇరుకు వాడల తొలగింపు, ఉద్యానాలు, తోటలు అన్నీ దాని పరిధిలో జరిగాయి. జిల్లాల్లోని పారిశ్రామిక ఊళ్లకు అలాంటి బోర్డు లేదు. బొగ్గు ఊరి బాగోగులు బొగ్గు కంపెనీయే చూసుకోవాలన్నది అప్పటి పద్ధతి. ఈ పద్ధతి తెలంగాణలో పుట్టింది కాదు, ఇంగ్లండ్‌లోనూ మామూలు పట్టణానికి ఒక దారి, గని ఊరికి ఇంకో దారి ఉండేవి. ఇంగ్లండ్‌లో బర్కెన్‌హెడ్ పట్టణం 1843లో పార్లమెంటు చట్టం ద్వారా అధికారం తెచ్చుకుని, ప్రజల డబ్బుతో భూమి కొని 1847లో పార్కు తెరిచింది. స్థానిక సంస్థ తన నిర్ణయంతో పార్కు కట్టడానికి అది తొలి ఉదాహరణగా నిలిచింది. అదే దేశంలో గని ఊళ్లకు మాత్రం 1920 వరకు ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన చట్టం తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధికి జమ చేయించింది. గని కార్మికుల ఆట స్థలాలు, సమావేశ మందిరాలు ఎన్నో ఆ డబ్బుతో వచ్చాయి.

భారతదేశంలో ఇలాంటి ఏర్పాటు 1944లో ఆర్డినెన్సుగా, 1947లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి చట్టంగా వచ్చింది. గని నుంచి బయటికి వెళ్లే బొగ్గు మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో ఇళ్లు, మంచినీళ్లు, వైద్యం, వినోదం సమకూర్చాలన్నది దాని ఉద్దేశం. 1986లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత కార్మికుల కాలనీల బాధ్యత గనిని నడిపే సంస్థల మీదే పడింది.

శ్రీరాంపూర్‌లో కాలనీలు ఆ విధంగానే పెరిగాయి. క్వార్టర్ల వరుసలు, వాటి మధ్య వేప, కానుగ చెట్లు, ఒక పక్క ఆసుపత్రి, ఇంకో పక్క బడి, కాస్త దూరంలో ప్రగతి మైదానం. పార్కు కావాలంటే జనరల్ మేనేజర్ కార్యాలయానికి అర్జీ పోవాలి. ఆ స్థలం ఖాళీగా ఉందా, కింద గని పనులు ఎంత దూరం వచ్చాయి అన్నది ఎస్టేట్స్ విభాగం, సర్వే విభాగం చూడాలి. సివిల్ విభాగం ఎస్టిమేట్ వేయాలి. మొత్తం చిన్నదైతే ఏరియాలోనే మంజూరు అవుతుంది, పెద్దదైతే ఫైలు కొత్తగూడెంలోని ప్రధాన కార్యాలయానికి వెళ్తుంది. మొక్కలకు నీళ్లు గని నుంచి తోడిన నీరే. భూగర్భంలో ఊరే నీటిని ఎలాగూ పైకి తోడాల్సిందే కాబట్టి, పంచాయతీ ఊళ్లలో వేసవికి ఎండిపోయే తోటలు కంపెనీ కాలనీల్లో పచ్చగా ఉండేవి.

ఈ నిర్ణయాల్లో కార్మికుల మాటకు చోటు సంఘం ద్వారానే దొరికింది. 1998లో సింగరేణిలో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాక, గెలిచిన సంఘం ఏరియా స్థాయిలో యాజమాన్యంతో స్ట్రక్చర్డ్ సమావేశాల్లో కూర్చునేది. క్వార్టర్ల మరమ్మతులు, మురుగు కాలువలు, వీధి దీపాల పక్కనే కాలనీ పార్కు, పిల్లల ఆట సామాను కూడా చర్చకు వచ్చేవి. మునిసిపల్ కౌన్సిల్ లేని చోట వాడ అవసరాలు రాతలోకి ఎక్కిన వేదిక ఇదే. అయితే ఆ వేదిక మీద మాట్లాడే హక్కు కంపెనీలో పేరున్న వాళ్లకే ఉండేది. కాలనీ గోడకు ఆవల బతికే కూరగాయల వాళ్లు, హోటలు వాళ్లు, రోజు కూలీలు, విరమణ పొందిన కార్మికులు, వారి పిల్లలు దాని లెక్కలో లేరు. శ్రీరాంపూర్ చరిత్రలో ఈ అన్యాయాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఒకే గాలి పీల్చే, ఒకే బొగ్గు పొడి మీద పడే రెండు వీధుల్లో ఒకదానికి తోట, ఇంకోదానికి ఖాళీ జాగా కూడా లేకపోవడానికి కారణం కేవలం జీతాల పట్టికలో పేరు ఉండటం, లేకపోవడమే.

గోడకు ఆవల ఉన్నది పంచాయతీ. పాత ఊళ్లకు తమవైన ఖాళీ స్థలాలు ఎప్పుడూ ఉండేవి. గ్రామకంఠం, చెరువు కట్ట, బందెలదొడ్డి, పశువులు మేసే గైరాన్ భూమి, రావిచెట్టు కింది గద్దె లాంటివి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాడుకే హక్కు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1964లో రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది, 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. గని ఊళ్లలో ఈ చట్టాల అమలు మరోలా సాగింది. జనాభా పట్టణం అంత, ఆదాయం పల్లె అంత. నస్పూర్, సింగాపూర్, తీగల్‌పహాడ్ లాంటి పంచాయతీల పరిధిలో వేల కుటుంబాలు ఉన్నా, నేలలో పెద్ద భాగం కంపెనీ చేతిలో ఉండేది. సర్పంచ్ దగ్గరికి పార్కు కోసం వెళ్తే స్థలం కంపెనీదని, కంపెనీ దగ్గరికి వెళ్తే కాలనీ బయట వాళ్లు పంచాయతీ వాళ్లని జవాబు వచ్చే పరిస్థితి.

1990ల తర్వాత ఈ లెక్క తారుమారైంది. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనులు, విరమణలతో క్రమంగా తగ్గి 40 వేల దగ్గరికి వచ్చింది. విరమణ పొందినవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి వచ్చిన డబ్బుతో రోడ్డు వెంబడి ప్లాటు కొనుక్కున్నారు. మంచిర్యాల, నస్పూర్ మధ్య పొలాలు వరసగా వెంచర్లయ్యాయి. అంతవరకు కంపెనీ తోటలో పొద్దున నడిచిన మనిషికి ఇప్పుడు తన ప్లాటు ఉన్న వెంచర్‌లో పార్కు కావాలి. ఈ మార్పుతోనే పార్కు అనుమతి కంపెనీ ఫైలులో నుంచి లేఅవుట్ ఫైలులోకి మారింది.

లేఅవుట్ అంటే ఒక పెద్ద చెక్కను రోడ్లు, ప్లాట్లుగా విడగొట్టే నక్ష. 2002లో గ్రామ పంచాయతీల పరిధిలో లేఅవుట్లకు, కట్టడాలకు వచ్చిన నియమాల ప్రకారం మొత్తం స్థలంలో 10 శాతం ప్రజల ఉమ్మడి అవసరాలకు వదలాలి, దాన్ని పంచాయతీకి ఉచితంగా అప్పగించాలి. పంచాయతీ తనంతట తాను అనుమతి ఇవ్వలేదు. డీటీసీపీ, అంటే పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం సాంకేతిక ఆమోదం ముందు రావాలి. నక్ష మీద ఆ పది శాతాన్ని పచ్చ రంగుతో చూపిస్తారు. నాలుగు పక్కలా రోడ్డు ఉన్న చదరపు ముక్కగా చూపితే అది నిజంగా పార్కు అవుతుంది. మూలన, వాగు ఒడ్డున, కరెంటు తీగల కింద పనికిరాని సన్నటి పట్టీగా చూపితే కాగితం మీద పది శాతం నిండుతుంది, పిల్లలు ఆడుకునే చోటు మాత్రం దొరకదు. పార్కు భవితవ్యం తేలేది ప్రారంభోత్సవం నాడు కాదు. సర్వేయరు గొలుసు పట్టి ఆ పచ్చ ముక్కకు హద్దు రాళ్లు నాటిన నాడు అది తేలిపోతుంది.

హద్దు రాళ్లు నాటడం కన్నా ముఖ్యమైనది గిఫ్ట్ డీడ్. ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థ పేరున రిజిస్టర్ చేయించకపోతే, వెంచర్ వేసినవారి పట్టా అలాగే నిలిచి ఉంటుంది. కొన్నేళ్లకు అదే జాగా ఇంకో పది ప్లాట్లుగా అమ్ముడుపోవడం తెలంగాణ పట్టణాలన్నిటా జరిగిన సంగతే. డీటీసీపీ ఆమోదం లేకుండా, సాదా కాగితాల మీద వేసిన వెంచర్లలో అయితే ఆ పది శాతం కూడా వదలలేదు. అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. 2020 ఆగస్టు 31న వెలువడిన జీవో 131 ప్రకారం ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లోని ప్లాటు యజమాని, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ రుసుముగా కట్టాలి. ఆ డబ్బుతో స్థానిక సంస్థ మరోచోట పార్కుకు స్థలం కొనవచ్చునన్నది ఆలోచన. అప్పటికే ఇళ్లు నిండిన వాడలో అలాంటి స్థలం దొరకడం కష్టం. కట్టినది ఆ వాడ వాళ్లైనా, వచ్చే పచ్చదనం కిలోమీటర్ల దూరంలో రావచ్చు.

పార్కుకు కేటాయించిన స్థలం ఎంత గట్టిదో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో చెప్పింది. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ట్రస్టుకు ఇచ్చిన కేసులో 1991లో ఆ కేటాయింపును కోర్టు కొట్టేసింది. ఆసుపత్రి కూడా ప్రజలకే అయినా, వాడకు ఊపిరి ఇచ్చే స్థలాన్ని తీసేసే అధికారం ప్రణాళిక సంస్థకు లేదన్నది ఆ తీర్పు సారం. లక్నోలో అమీనాబాద్ దగ్గరి ఝండేవాలా పార్కు కింద దుకాణాల సముదాయం కట్టడానికి అక్కడి నగర మహాపాలిక ఒక బిల్డర్‌తో ఒప్పందం చేసుకుంటే, 1999లో ఆ కట్టడాన్ని కూల్చి పార్కును యథాస్థితికి తేవాలని కోర్టు ఆదేశించింది. ఈ రెండో తీర్పు స్థానిక సంస్థలకు చాలా ముఖ్యమైనది. పార్కుకు అనుమతి ఇచ్చే అధికారం ఉన్న కౌన్సిల్‌కు దాన్ని తీసేసే అధికారం లేదని, ఆ స్థలానికి కౌన్సిల్ ధర్మకర్త మాత్రమేనని దాని వల్ల స్పష్టమైంది.

స్థానిక సంస్థకు పార్కుల బాధ్యత ఉందని రాజ్యాంగం కూడా చెబుతోంది. 1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చింది. అందులోని 18 అంశాల్లో పన్నెండోది పార్కులు, తోటలు, ఆట స్థలాల్లాంటి పట్టణ సౌకర్యాల కల్పన. శ్రీరాంపూర్ జనానికి మాత్రం ఆ అంశం పాతికేళ్ల పాటు వర్తించలేదు, ఎందుకంటే వాళ్లు చట్టం దృష్టిలో గ్రామస్థులు. పొరుగున ఉన్న మందమర్రిది ఇంకో రకం ఇబ్బంది. అది పేరుకు మునిసిపాలిటీయే గానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పట్టణ పాలన భాగాన్ని వర్తింపజేయాలంటే పార్లమెంటు చట్టం చేయాలని రాజ్యాంగంలోని 243జడ్‌సీ అధికరణం చెబుతుంది. ఆ చట్టం రాకపోవడంతో అక్కడ ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు, నిర్ణయాలన్నీ అధికారులవే అయ్యాయి.

2018 ఆగస్టులో పరిస్థితి మారింది. సర్పంచుల గడువు ముగియగానే తెలంగాణలో 4,383 కొత్త గ్రామ పంచాయతీలు ఏర్పడ్డాయి, వాటితోపాటు పట్టణ లక్షణాలున్న పల్లెలు కొన్ని మునిసిపాలిటీలయ్యాయి. మంచిర్యాల జిల్లాలో నస్పూర్, క్యాతనపల్లి, చెన్నూరు, లక్షెట్టిపేట అలా వచ్చినవే. శ్రీరాంపూర్ కాలనీలు, సీసీసీ, చుట్టుపక్కల పల్లెలు నస్పూర్ మునిసిపాలిటీలో చేరాయి. 2020 జనవరి 22న తొలిసారి పురపాలక ఎన్నికలు జరిగాయి. క్వార్టర్లో ఉండే కార్మికుడూ, గోడకు ఆవల గుడిసెలో ఉండే కూలీ ఒకే కౌన్సిలర్‌ను ఎన్నుకున్నారు. పార్కు కావాలని అడిగే హక్కు కంపెనీ జీతంతో పనిలేకుండా అందరికీ ఒకే తీరుగా దక్కింది అప్పుడే.

అప్పటికి అమల్లోకి వచ్చిన 2019 తెలంగాణ పురపాలక చట్టం పచ్చదనానికి పెద్ద పీట వేసింది. మునిసిపల్ బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌గా పక్కన పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతకకపోతే కౌన్సిలర్లు, అధికారులు జవాబు చెప్పాలి. ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, వార్డు ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణ ప్రగతి కార్యక్రమంలో ఈ కమిటీలు వీధులు తిరిగి ఖాళీ స్థలాలను గుర్తించాయి. మొక్కల లెక్క మీద చట్టం పెట్టినంత గురి, ఆ మొక్కలు నిలిచే స్థలపు హక్కు మీద కూడా పెట్టి ఉంటే మేలు జరిగేది.

మునిసిపాలిటీలో కొత్త పార్కు అనుమతి నడిచే దారి ఇదీ. కాలనీ వాసులు కౌన్సిలర్‌కో, కమిషనర్‌కో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికో దరఖాస్తు ఇస్తారు. మంచిర్యాల జిల్లా సమీకృత కలెక్టరేట్ నస్పూర్‌లోనే 2023 జూన్‌లో తెరుచుకోవడంతో శ్రీరాంపూర్ వాళ్లకు ఆ అర్జీ దూరం చాలా తగ్గింది. దరఖాస్తు ముందు పట్టణ ప్రణాళిక విభాగానికి వెళ్తుంది. సర్వే నంబరు ఏది, లేఅవుట్ నక్షలో అది ఓపెన్ స్థలమా, గిఫ్ట్ డీడ్ ఉందా, కబ్జా ఏమైనా జరిగిందా అన్నవి అక్కడ తేలాలి. ప్రభుత్వ భూమి అయితే తహసీల్దారు నివేదిక, కలెక్టర్ కేటాయింపు కావాలి. సింగరేణి స్థలమైతే కంపెనీ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి.

స్థలం తేలాక ఇంజినీరింగ్ విభాగం ఎస్టిమేట్ వేస్తుంది. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీర్ వేసే ఆ ఎస్టిమేట్ చదివితే పార్కు కళ్లకు కడుతుంది. చుట్టూ ఫెన్సింగ్ ఇన్ని మీటర్లు, గేటు ఒకటి, ఎర్రమట్టి ఇన్ని ఘనపు మీటర్లు, నడక దారి, బోరు, మోటారు, పైపులు, సిమెంటు బెంచీలు, ఉయ్యాలలు, జారుడుబల్ల, ఓపెన్ జిమ్ సామాను, దీపపు స్తంభాలు. ప్రతి దానికీ ధర ప్రభుత్వపు ప్రామాణిక ధరల పట్టికలో నుంచి రావాలి. ఎర్రమట్టి పద్దు మిగతా పట్టణాల్లో చిన్నదే, గని ప్రాంతంలో పెద్దది, ఎందుకంటే రాళ్లూ బొగ్గు పొడీ కలిసిన నేలలో అడుగు లోతు మట్టి మార్చకుండా పచ్చిక పట్టదు. ఎస్టిమేట్‌కు ఆ పైన సాంకేతిక అనుమతి ఉన్నత ఇంజినీర్ ఇస్తాడు. డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాసి పరిపాలనా అనుమతి కోసం ఫైలు కౌన్సిల్ ముందుకు వెళ్తుంది.

సాధారణ సమావేశం ఎజెండాలో అది ఒక వరుస సంఖ్యతో ఒక అంశంగా చేరుతుంది. సభ్యులకు ముందుగానే ఎజెండా ప్రతులు అందాలి. చదివి వినిపిస్తారు, చర్చ ఉంటే జరుగుతుంది, ఆమోదిస్తే తీర్మానం పుస్తకంలో ఎక్కుతుంది. ప్రజలు అనుమతి అని పిలిచేది ఈ తీర్మానాన్నే. కౌన్సిల్ చేసిన తీర్మానం చట్టానికి విరుద్ధంగా ఉందనిపిస్తే ఆపే అధికారం 2019 చట్టం కింద పై అధికారులకు ఉంది. ఆ తర్వాత టెండరు, ఒప్పందం, పని అప్పగింత. కాంట్రాక్టరు చేసిన ప్రతి పనినీ ఏఈ కొలతల పుస్తకంలో, అంటే ఎంబీలో రాస్తేనే బిల్లు అవుతుంది. కౌన్సిల్ తీర్మానం మీద చప్పట్లు పడతాయి గానీ, పార్కు నాణ్యతను తేల్చేది ఆ ఎంబీ పేజీలే.

డబ్బు విషయంలో శ్రీరాంపూర్‌కు ఇతర చిన్న పట్టణాలకు లేని వనరు ఒకటి ఉంది. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు, అంటే డీఎంఎఫ్‌టీ ఏర్పడింది. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గనులు తాము కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, ఆ తర్వాత లీజు పొందినవి 10 శాతం ఈ ట్రస్టుకు జమ చేయాలి. గని వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు చేయాలన్నది నియమం. తాగునీరు, ఆరోగ్యం, విద్య, పర్యావరణం ముందు వరుసలో ఉంటాయి. కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో రాష్ట్ర వార్షిక కేటాయింపులో 2.5 శాతం దాకా పార్కులకు వెచ్చించే వీలుండేది. అయితే ఆ తొలి విడత లక్ష జనాభా దాటిన పట్టణాలకు ఉద్దేశించింది. కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ ఆ జాబితాలో చేరాయి, మంచిర్యాల, నస్పూర్ చేరలేదు. గోదావరికి ఆవలి ఒడ్డున రామగుండం బొగ్గు కాలనీలకు అందిన సాయం ఈవలి ఒడ్డుకు ఆ పథకంలో అందలేదు.

గని నేల మీద పార్కు అంటే పైన కనిపించే స్థలంతో సరిపోదు, కింద ఏముందో కూడా చూడాలి. భూగర్భ గనిలో బొగ్గును స్తంభాలుగా వదిలి తవ్వుతూ పోతారు, చివరికి ఆ స్తంభాలను కూడా తీస్తారు. దీన్ని డీపిల్లరింగ్ అంటారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపితే పైనేల నిలుస్తుంది. నింపకుండా కూలనిస్తే పైన పగుళ్లు, గుంటలు పడతాయి. ఇళ్ల కింద, రోడ్ల కింద తవ్వాలంటే గనుల భద్రతా శాఖ అనుమతి తప్పనిసరి. అందువల్ల కొన్ని ఖాళీ స్థలాలు ఏళ్ల పాటు ఖాళీగానే ఉంటాయి, కంపెనీ వాటిని వదలదు. ఇల్లు కట్టడానికి పనికిరాని ఇలాంటి చోట్లు తోటలకు పనికొస్తాయి కదా అన్న వాదన వినిపిస్తుంది. నేల కదలడం ఆగిపోయిందని సర్వే తేల్చాక మాత్రమే ఆ మాట చెల్లుతుంది. పగుళ్లలో నుంచి గాలి కిందికి దిగితే మిగిలిన బొగ్గు తనంతట తాను రాజుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ విషయంలో పిల్లల ఆట స్థలానికి తొందర పనికిరాదు. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు వైపు కొండల్లా పేరుకున్న మట్టి కుప్పల మీద కంపెనీ మొక్కలు పెంచుతోంది. అవి పచ్చదనమే గానీ వాడ పార్కులు కావు, సాయంత్రం అక్కడికి ఎవరూ నడిచి వెళ్లలేరు.

కంపెనీ తన అవసరం తీరిన భూములను ప్రభుత్వానికి తిరిగి అప్పగించడం మొదలుపెట్టాక ఇంకో అంకం తెరుచుకుంది. ఆ స్థలాల్లో దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవారికి పట్టాలు ఇవ్వడానికి ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. సొంత ఇల్లు అన్న మాట గని ప్రాంతపు కుటుంబానికి ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ ఇల్లు ఇల్లుకూ పట్టా ఇస్తూ పోయేటప్పుడు ఆ ఇళ్ల నడుమ మిగిలిన ఖాళీ జాగాలను మునిసిపాలిటీ పేరున రాయించడం కూడా అదే సమయంలో జరగాలి. లేఅవుట్‌లో పది శాతం వదలమని చట్టం చెప్పేది కొత్త వెంచర్లకే. తనంతట తాను పెరిగిన వాడలో ఆ పది శాతాన్ని అడిగేవారు వార్డు కమిటీలో ఉండే పౌరులే.

పల్లెల వైపు పార్కు మరో రూపంలో వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామానికి నర్సరీని తప్పనిసరి చేసింది. 2020 నుంచి ఉపాధి హామీ డబ్బుతో పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. రాష్ట్రం మొత్తం మీద వీటి సంఖ్య 19 వేలు దాటింది. చిన్న జాగాలో దగ్గర దగ్గరగా మొక్కలు నాటి, మధ్యలో నడక దారి వేసి, ఒకటి రెండు బెంచీలు పెట్టారు. పట్టణాల్లో ఇవే పట్టణ ప్రకృతి వనాలయ్యాయి. స్థలం గుర్తింపు రెవెన్యూ శాఖది, తీర్మానం పంచాయతీది, కూలి లెక్క ఉపాధి హామీది, పర్యవేక్షణ కలెక్టర్‌ది. వేగంగా జరిగిన పని ఇది. ఆ వేగంలో కొన్ని చోట్ల శ్మశానం పక్కనో ఊరికి దూరంగానో స్థలం దొరికింది, అలాంటి వనానికి నీళ్లు పోసే మనిషి కరువయ్యాడు. ఇళ్ల మధ్య వచ్చినవి నిలిచాయి. మంచిర్యాల, మందమర్రి మధ్య అటవీ శాఖ తీర్చిన గాంధారి వనం పెద్దది, సెలవు రోజుల్లో కుటుంబాలు వెళ్లే చోటు. దాని అనుమతి అటవీ శాఖ చేతిలోనిది, స్థానిక సంస్థతో దానికి పని లేదు.

2020లో టీఎస్-బీపాస్ అనే అనుమతుల విధానం వచ్చాక లేఅవుట్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోకి మారాయి. ముందు తాత్కాలిక అనుమతి, రోడ్లు, కాలువలు వేశాక తుది అనుమతి. పనులు పూర్తయ్యే దాకా కొన్ని ప్లాట్లు స్థానిక సంస్థకు తనఖాలో ఉంటాయి. ఖాళీ స్థలాన్ని అప్పగిస్తేనే తుది అనుమతి రావడం వల్ల, వెనకటిలా మాట మీద వదిలేసే అవకాశం తగ్గింది. నస్పూర్ ప్రాంతంలో ఇప్పుడు కొత్త వాడలకు పార్కు స్థలం ఈ దారిలోనే వస్తోంది.

2025 మరో మార్పు తెచ్చింది. నస్పూర్ మునిసిపాలిటీని, హాజీపూర్ మండలంలోని కొన్ని గ్రామాలను మంచిర్యాలతో కలిపి మంచిర్యాల నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. అదే ఏడాది జనవరి చివర పాలకవర్గాల గడువు ముగిసింది, కౌన్సిల్ అధికారాలు ప్రత్యేకాధికారి చేతికి వెళ్లాయి. శ్రీరాంపూర్‌లో పార్కు ఫైలు ఇప్పుడు కార్పొరేషన్ కార్యాలయానికి వెళ్తుంది. నస్పూర్ మునిసిపాలిటీ రికార్డుల్లో ఉన్న గిఫ్ట్ డీడ్‌లు, ఓపెన్ స్థలాల రిజిస్టరు, పాత పంచాయతీల కాలపు లేఅవుట్ నక్షలు కూడా ఆ కార్యాలయానికే చేరాలి. కంపెనీ క్వార్టర్ల మధ్య ఉన్న తోటలు మాత్రం ఇంకా సింగరేణివే. వాటి నీళ్లు, మరమ్మతులు, మాలీల జీతాలు ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం చూసుకుంటోంది. గని మూతపడి కాలనీ ఖాళీ అయ్యే నాటికి ఆ తోటల స్థలం కూడా స్థానిక సంస్థకు రావాలంటే కంపెనీ అప్పగింత, రెవెన్యూ శాఖ కేటాయింపు, నగరపాలక సంస్థ తీర్మానం ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరగాలి.